చేప చివర కొనండి

ఉప్పునీటి అక్వేరియం పెట్టాలనుంది అన్నవాళ్లని, ఏం పెంచుతారని అడిగి చూడండి. టక్కున చేప పేరు చెబుతారు. నారింజ రంగు మీద తెల్ల పట్టీలుండే క్లౌన్ ఫిష్. 2003లో ‘ఫైండింగ్ నీమో’ సినిమా వచ్చిన దగ్గర్నుంచి పిల్లల నోట దాని పేరు నీమో. దాని పక్కన నీలం రంగు డోరీ కూడా ఉండాల్సిందే. సరే, ఏ నీళ్లలో పెంచుతారని అడగండి. సమాధానం రాదు.

డబ్బు మునిగేది అక్కడే. చేపని ముందు కొనేసి, దాన్ని బతికించడానికి కొట్టు చుట్టూ పరుగులు పెట్టేవాళ్లకి చేతి చమురు బాగా వదులుతుంది. నీళ్లని ముందు తయారు చేసుకుని చేపని అన్నిటికన్నా చివర కొనేవాళ్లకి అది జీతంలో సర్దుకోగలిగే ఖర్చు. ఇద్దరూ కొనే వస్తువులు దాదాపు ఒకటే, కొనే వరస వేరు. మన ఓపిక, మన తొందర, పది మంది ముందు గొప్పగా కనపడాలన్న ఆరాటం అన్నీ ఆ వరసలోనే బయటపడతాయి. వ్యక్తిత్వం గురించి రాసేచోట చేపల తొట్టి ఎందుకొచ్చిందంటే అందుకు.

ముందే ఒక షరతు. రాళ్లు, నీళ్లు, లైటు తప్ప ఏమీ లేని తొట్టిని ఒక మండలం పాటు హాల్లో పెట్టుకోగలరా? వచ్చిన ప్రతి చుట్టమూ ‘చేపలేవీ?’ అని అడుగుతుంటే నవ్వి ఊరుకోగలరా? ఊరుకోగలిగితే మిగతాది చదవండి. లేదంటే ఈ సరదాని వచ్చే ఏటికి వాయిదా వేయండి. ఆ నిర్ణయం కూడా పొదుపే.

ఆ మండలంలో జరిగేది

చేప విసర్జించినదీ, తినకుండా వదిలేసిన మేతా నీళ్లలో అమ్మోనియాగా మారతాయి. అది చేపకి విషం. సముద్రంలో అయితే ఆ కాస్తా ఎక్కడో కలిసిపోతుంది. గాజు తొట్టిలో పోవడానికి దారి లేదు, దాన్ని తినే బ్యాక్టీరియా ఉండాల్సిందే. ఒక రకం బ్యాక్టీరియా అమ్మోనియాని నైట్రైట్‌గా మారుస్తుంది. అదీ విషమే. ఇంకో రకం ఆ నైట్రైట్‌ని నైట్రేట్ చేస్తుంది. నైట్రేట్ కొద్దిగా ఉంటే చేపలు తట్టుకుంటాయి, వారానికోసారి కొన్ని నీళ్లు మారిస్తే అదుపులో ఉంటుంది. ఈ రెండు రకాలూ రాళ్ల రంధ్రాల్లో, ఫిల్టర్‌లో సరిపడా పెరగడానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. పెంపకందారులు దీన్ని ‘సైక్లింగ్’ అంటారు.

బ్యాక్టీరియా పెరగాలంటే దానికీ తిండి కావాలి. మార్కెట్ నుంచి ఒక పచ్చి రొయ్య తెచ్చి తొట్టిలో వేయండి. అది కుళ్లి అమ్మోనియా పుడుతుంది. వాసన వస్తుంది, ఇంట్లోవాళ్లకి ముందే చెప్పి ఒప్పించుకోండి. శాకాహారుల ఇల్లయితే అమ్మోనియం క్లోరైడ్ ద్రావణం కొన్ని చుక్కలు వేసుకోవచ్చు. చేపల మేత రోజూ చిటికెడు వేసినా పని జరుగుతుంది, కాకపోతే ఆ మేతలో ఏమేం కలుపుతారో ఇంట్లో చెప్పకపోతే మంచిది.

కొన్నాళ్లకి అమ్మోనియా పెరిగి తగ్గుతుంది. దాని వెనకే నైట్రైట్ పెరిగి తగ్గుతుంది. చివరికి, కొంచెం అమ్మోనియా కలిపిన మర్నాటికల్లా పరీక్షలో అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా చూపిస్తే తొట్టి సిద్ధమైనట్టు. క్యాలెండర్ చూసి ముహూర్తం పెట్టకండి, పరీక్ష చెప్పిందే ముహూర్తం. బ్యాక్టీరియాని సీసాల్లో నింపి అమ్ముతారు. మంచి సరుకైతే గడువు కొంత తగ్గుతుంది. సీసా పోశాక కూడా పరీక్ష మాత్రం తప్పదు.

కొట్టులో ఒక సలహా ఇస్తారు. ‘రెండు డామ్సెల్ చేపలు వేసేయండి సార్, గట్టి ప్రాణం, అవే తొట్టిని రెడీ చేసి పెడతాయి’ అని. ఒప్పుకోకండి. విషంలో బతికినన్నాళ్లు అవి నరకం పడతాయి. బతికి బట్టకడితే ఆ తొట్టి తమదే అనుకుని, తర్వాత వచ్చిన ప్రతి చేపనీ తరిమి కొరుకుతాయి. చౌకగా దొరికిన ఆ రెండింటినీ పట్టుకుని బయటికి తీయడానికి రాళ్లన్నీ పీకాల్సి వస్తుంది.

మరి ఇన్ని వారాలూ మీరు చేయాల్సిందేమిటి? రాసుకోవడం. ఒక చిన్న నోటుపుస్తకం తీసుకుని తేదీ, నీటి వేడి, ఉప్పు శాతం, అమ్మోనియా, నైట్రైట్ రాయండి. ఈ పని ఎలా చేయాలో తెలుసుకోడానికి విదేశీ వీడియోలు చూడాల్సిన అవసరం లేదు. భీమవరం, కైకలూరు వైపు వెళ్లి ఒక ఆక్వా రైతుని చూడండి. చెరువులో ఉన్న రొయ్య ఆయన కంటికి కనపడదు. ఆయన చూసేదంతా నీళ్లనే. రిఫ్రాక్టోమీటర్‌తో ఉప్పు శాతం చూస్తాడు, అమ్మోనియా పరీక్ష చేయిస్తాడు, చెక్ ట్రే పైకి లాగి మేత ఎంత మిగిలిందో చూసి రేపు ఎంత వేయాలో తేలుస్తాడు. పెట్టుబడి మొత్తం నీళ్లలో ఉన్నవాడు ఊహల మీద నడవడు. ఆ ఊళ్లలోని ఆక్వా మందుల కొట్లలో రిఫ్రాక్టోమీటరూ, నీటి పరీక్ష కిట్లూ దొరుకుతాయి. మీకు అటువైపు చుట్టాలుంటే వాళ్లకి ఫోన్ చేయండి. పరికరంతో పాటు అది వాడే తీరు కూడా నేర్పి పంపిస్తారు.

ఎక్కడ పెట్టాలి, ఎక్కడ బిగబట్టాలి

మొదటిసారి కదా, చిన్న తొట్టితో మొదలుపెడదాం అనుకుంటారు. ఉప్పునీటి విషయంలో మరీ చిన్నది చౌక అనిపించే ఉచ్చు. నీళ్లు ఆవిరైతే ఉప్పు ఆవిరి కాదు, తొట్టిలోనే మిగిలి చిక్కబడుతుంది. 20 లీటర్ల తొట్టిలో ఒక లీటరు ఆవిరైతే లీటరుకి 35 గ్రాములుండాల్సిన ఉప్పు 36.8కి ఎగబాకుతుంది. 100 లీటర్ల తొట్టిలో అదే లీటరు పోతే 35.4 దగ్గర ఆగుతుంది. పెద్ద తొట్టి మన పొరపాట్లని కాస్త మన్నిస్తుంది. అలాగని మరీ పెద్దదైతే ఉప్పు, నీళ్లు, కరెంటు అన్నీ దానికి తగ్గట్టే పెరుగుతాయి. 24 అంగుళాల పొడవు, 18 వెడల్పు, 15 ఎత్తు ఉన్న తొట్టి మొదటిసారికి సరిపోతుంది. లెక్క ప్రకారం 106 లీటర్లు. పైన కొంత ఖాళీ, లోపల రాళ్లు పోగా 90 లీటర్ల దాకా నీళ్లు పడతాయి. గాజు, రాళ్లు, నీళ్లు కలిపి 120, 130 కిలోల బరువు. టీవీ స్టాండు మీద పెట్టే సాహసం వద్దు. ఊళ్లో అద్దాల పని చేసేవాళ్ల దగ్గర తొట్టి చేయించుకోవచ్చు. విసుగెత్తి అమ్మేసేవాళ్ల దగ్గర సెకండ్‌హ్యాండ్‌ది ఇంకా తక్కువకి వస్తుంది. కొనేముందు, అందులో రాగి కలిసిన చేపల మందు ఎప్పుడైనా వాడారా అని అడగండి, కారణం కింద చెబుతాను. ఇంటికి తెచ్చాక బాల్కనీలో మామూలు నీళ్లు నింపి రెండ్రోజులు ఉంచి కారడం లేదని చూసుకోండి.

ఇప్పుడు, రూపాయి కూడా తగ్గించకూడని చోట్లు. ఉప్పు, నీళ్లు, కొలిచే సాధనాలు. ఈ మూడే.

వంటింటి ఉప్పు పనికిరాదు. సముద్రపు లవణాల్లో దాదాపు 85 శాతం సోడియం క్లోరైడే అయినా, మిగతా 15 శాతంలో ఉండే మెగ్నీషియం, సల్ఫేట్, కాల్షియం, పొటాషియం లేకపోతే అది సముద్రం అవ్వదు. అక్వేరియాల కోసమే తయారుచేసిన మెరైన్ సాల్ట్ కొనాలి. మన 90 లీటర్లకి మొదటిసారి మూడు కిలోల పైచిలుకు. తర్వాత వారానికి పదో వంతు, అంటే 9 లీటర్లు మారుస్తారు కాబట్టి వారానికి 330 గ్రాముల లెక్కన నెలకి కిలోన్నర లోపే. ఉప్పుని ఎప్పుడూ విడిగా బకెట్లో కలపాలి. నీళ్లలో ఉప్పు వేయాలి, ఉప్పు మీద నీళ్లు పోయకూడదు. చిన్న మోటారుతో కొన్ని గంటలు తిప్పి, పూర్తిగా కరిగాక కొలిచి, అప్పుడు తొట్టిలో పోయాలి.

విశాఖలో ఉన్నాం, కావలసినంత సముద్రం ఉంది కదా అనొచ్చు. ఒడ్డు దగ్గరి నీళ్లలో వాన కాలువలు, మురుగు, పడవల నూనె ఏది ఎంత కలిసిందో ఏ రోజుకారోజు మారుతుంది. కొత్తవాళ్లకి ఆ గొడవ వద్దు.

నీళ్లు ఆర్‌ఓవి వాడండి. బోరు నీళ్లలో లవణాలెక్కువ, కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. ఇంట్లో ఆర్‌ఓ యంత్రం ఉంటే సంతోషమే, దానికి రెండు జాగ్రత్తలు కావాలి. రుచి కోసం వడకట్టని నీళ్లు కలిపే టీడీఎస్ సర్దుబాటుని తగ్గించుకోండి. రెండోది ముఖ్యం. ఈ మధ్య నీళ్లలో రాగి కలిపే యంత్రాలు వస్తున్నాయి. మన ఒంటికి దాని మేలు సంగతి ఎలా ఉన్నా, సముద్రపు నత్తలకీ రొయ్యలకీ రాగి పిసరంత కూడా ప్రాణాంతకం. మీ యంత్రం అలాంటిదైతే ఆ నీళ్లు మీరు తాగండి, తొట్టికి వేరే నీళ్లు తెండి.

కొలిచే సాధనాల్లో రిఫ్రాక్టోమీటర్ మొదటిది. ప్లాస్టిక్ హైడ్రోమీటర్ ఇంకా చౌకే, కానీ దాని ముల్లుకి ఒక గాలి బుడగ అంటుకుంటే లెక్క తప్పుతుంది. లక్ష్యం లీటరుకి 35 గ్రాములు, సాంద్రతలో చెబితే 1.025 దగ్గర. దానికి తోడు ఒక థర్మామీటరు. అమ్మోనియా, నైట్రైట్, నైట్రేట్ పరీక్ష కిట్లు. చేప కొనడానికి డబ్బుండి కిట్ కొనడానికి లేదంటే, ఆ చేప కొనడానికీ డబ్బు లేనట్టే లెక్కేసుకోండి.

ఇక బిగబట్టే చోట్లు చాలా ఉన్నాయి. విదేశీ జాబితాల్లో ముందుండే హీటర్ మన కోస్తాలో చాలా ఇళ్లలో అక్కర్లేదు. హైదరాబాద్, ఆదిలాబాద్ చలికాలపు రాత్రులకి చిన్నది చాలు. పగడాలు పెంచడం లేదు కాబట్టి ఖరీదైన నీలి లైట్లు వద్దు, మామూలు ఎల్‌ఈడీ రోజుకి ఎనిమిది గంటలు సరి. అడుగున ఇసుక వేయకపోతే ఆ ఖర్చూ మిగులుతుంది, శుభ్రం చేయడమూ తేలిక. బీచ్ ఇసుక తెచ్చి పోయకండి. మన ఒడ్డు ఇసుకలో నల్లగా మెరిసే ఇల్మనైట్ లాంటి బరువైన ఖనిజాలుంటాయి. నీళ్లలోని మలినాన్ని నురగగా తీసేసే ప్రోటీన్ స్కిమ్మర్ మంచిదే కానీ, రెండు మూడు చేపలతో వారం వారం నీళ్లు మార్చేవాళ్లు మొదట్లో అది లేకుండా నడపగలరు. తొట్టి అంచుకి తగిలించే ఫిల్టర్ ఒకటి, గంటకి వెయ్యి లీటర్లకి తక్కువ కాకుండా నీళ్లని కదిపే వేవ్ మేకర్ ఒకటి ఉంటే తొట్టి నడుస్తుంది. రెండూ కలిపి 15 వాట్లు, లైటు 20 వాట్లు ఎనిమిది గంటలు, వేసవిలో 15 వాట్ల చిన్న ఫ్యాను 12 గంటలు అనుకుంటే రోజుకి ముప్పావు యూనిట్ లోపు, నెలకి 20, 21 యూనిట్లు. కరెంటు బిల్లు చూసి భయపడాల్సింది లేదు.

ఆ ఫ్యాను సంగతి చెప్పాలి. మన వేసవిలో తొట్టి నీళ్లు 31, 32 డిగ్రీలకి తేలిగ్గా చేరతాయి. చేపలకి కావలసింది 25 నుంచి 27. నీళ్లని చల్లబరిచే చిల్లర్ కొనాలంటే పదుల వేలు పెట్టాలి. నీటి ఉపరితలం మీదకి గాలి కొట్టేలా ఒక చిన్న ఫ్యాను పెడితే ఆవిరి వల్ల రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. గాలి పొడిగా ఉండే హైదరాబాద్‌లో ఈ ఉపాయం బాగా పనిచేస్తుంది, ఉక్కపోసే విశాఖలో తక్కువ. అక్కడివాళ్లు తొట్టిని ఇంట్లో అన్నిటికన్నా చల్లని గదిలో, ఎండ తగలని గోడవైపు పెట్టుకోవాలి. ఫ్యాను పెడితే నీళ్లు తొందరగా తగ్గుతాయని గుర్తుంచుకోండి. తగ్గినచోటికి పోయాల్సింది మంచినీళ్లు, ఉప్పునీళ్లు పోస్తే ఉప్పు రోజురోజుకీ పెరుగుతుంది. గాజు మీద నీటి మట్టం దగ్గర చిన్న టేపు ముక్క అంటించి, రోజూ పళ్లు తోముకునే వేళకి ఆ గీత దాకా పోయండి. తొట్టిని కాపాడేది నిజానికి ఈ ఒక్క చెంబు అలవాటే. ఆదివారం ఆవేశంగా మూడు గంటలు సేవ చేసి మిగతా ఆరు రోజులు మర్చిపోయేవాళ్ల దగ్గర సముద్రపు చేప బతకదు.

రాళ్ల దగ్గరికి వస్తే పొదుపు కన్నా ముందు చట్టం ఉంది. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రాతి పగడాలకి 2001లో మొదటి షెడ్యూల్ రక్షణ వచ్చింది. సముద్ర గుర్రాలూ ఆ జాబితాలో చేరాయి. చచ్చి తెల్లబడిన పగడపు ముక్కని అమ్మినా కొన్నా నేరమే. కొట్టులో ‘లైవ్ రాక్’ పేరుతో పెట్టిన రాయి మీద పువ్వుల్లాంటి గుంటలు వరసగా కనిపిస్తే అది పగడపు ఎముక. రామేశ్వరం నుంచి వచ్చిందని గొప్పగా చెబితే ఇంకా తొందరగా బయటికి రండి. మన్నార్ సింధుశాఖ పగడాల్ని పెళ్లగించి మన హాల్లో పెట్టుకోవాల్సిన అవసరం లేదు. మనుషులు తయారుచేసిన సిరామిక్ రాళ్లు, రంధ్రాలున్న సున్నపురాయి దొరుకుతాయి. కడప బండ కూడా సున్నపురాయే కానీ మరీ గట్టిది, రంధ్రాలు లేనిది. బ్యాక్టీరియా నిలవడానికి చోటుండదు. ఫిల్టర్‌లో ఒక కిలో సిరామిక్ రింగులు వేసుకుంటే రాళ్లు తక్కువైనా నెట్టుకొస్తుంది.

పరికరాలు లేనివాళ్ల పాఠం

ఇంత విన్నాక కూడా ‘పరికరాలు లేకుండా ఎలా’ అనేవాళ్లుంటారు. 1846లో అన్నా థిన్ అనే ఆవిడ ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని టార్కీ నుంచి బతికున్న పగడాల్ని లండన్ తీసుకెళ్లింది. అప్పటికి ఇంట్లో కరెంటు లేదు, మోటారు లేదు. లండన్‌లో సముద్రమూ లేదు. నీళ్లలోకి గాలి చేరాలి కాబట్టి, తెరిచిన కిటికీ దగ్గర ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి ఆ నీళ్లని రోజూ చాలాసేపు పోయించేది. పోసింది పనిమనిషి, పేరొచ్చింది దొరసానికి. లోకం తీరు అప్పుడూ అంతే. తర్వాత సముద్రపు నాచు తెచ్చి వేసింది. పగడాలు ఏళ్ల తరబడి బతికాయి.

ఇంకొకాయన జకార్తాకి చెందిన లీ చిన్ ఎంగ్. సముద్రపు రాళ్లు, గాలి బుడగలు, ఎండ. ఇంతే ఆయన సరంజామా. 1961లో ఆ పద్ధతి గురించి ఒక అమెరికన్ పత్రికలో రాశాడు. పెద్ద ఫిల్టర్లు పెట్టుకున్నవాళ్లు చేపల్ని బతికించలేక అవస్థపడుతున్న కాలంలో, రాళ్లలోని జీవమే నీళ్లని శుభ్రం చేస్తుందని చూపించాడు. ఈనాటి ఉప్పునీటి తొట్లు చాలావరకు ఆయన మార్గంలోనే నడుస్తున్నాయి. ఈ ఇద్దరూ తమ దగ్గర లేని ప్రతి పరికరానికీ బదులుగా శ్రద్ధని ఖర్చుపెట్టారు. అప్పు చేసి పరికరాలు కొని, వాటి మీద భారం వేసి నిద్రపోయే మనకి వీళ్ల కథ కాస్త గుచ్చుకోవాలి.

కొట్టు ముందు నిలబడినప్పుడు

పరీక్షలో రెండు సున్నాలూ వచ్చాయి. ఇప్పుడు చేప కొనడానికి బయల్దేరారు. ఇన్నాళ్ల నిగ్రహం పది నిమిషాల్లో కూలిపోయేది ఇక్కడే. అందుకని ఇంట్లోనే కాగితం మీద రాసుకోండి, రెండు క్లౌన్ ఫిష్‌లు అని. ఆ రెంటికి సరిపడా నోట్లు మాత్రమే జేబులో పెట్టుకోండి. ఫోన్‌లో స్కాన్ చేసి కట్టే వీలుంటే ఇంట్లోవాళ్లని తోడు తీసుకెళ్లి వాళ్ల ఫోన్ నుంచి కట్టించండి. ఒకరికి జవాబు చెప్పాల్సి వచ్చినప్పుడు చెయ్యి దానంతటదే వెనక్కి వస్తుంది.

మొదటిసారి వెళ్లినప్పుడు ఏమీ కొనకండి. ‘ఇది మేత తింటుంటే చూడాలి’ అని అడగండి. మంచి కొట్టువాడు చిటికెడు వేసి చూపిస్తాడు. విసుక్కున్నవాడి దగ్గర కొనక్కర్లేదు. చేప పొట్ట లోపలికి పోయి ఉన్నా, ఒంటి మీద ఉప్పు చల్లినట్టు తెల్ల చుక్కలున్నా, మొప్పలు వేగంగా ఎగరేస్తున్నా వద్దు.

క్లౌన్ ఫిష్ ఎందుకంటే అది హేచరీలో పుట్టినది దొరుకుతుంది. సముద్రపు అలంకార చేపల్లో ఎక్కువ జాతులు ఇప్పటికీ పగడపు దిబ్బల దగ్గర పట్టి తెచ్చినవే. క్లౌన్‌ని పిల్ల దశ నుంచి తొట్లలోనే పెంచే విధానాన్ని కొచ్చి కేంద్రంగా ఉన్న కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ మన దేశంలో అభివృద్ధి చేసింది. హేచరీ చేప గుళికల మేత తింటుంది, తొట్టి జీవితానికి అలవాటుపడి ఉంటుంది. సినిమాలో చూపించిన సీ అనెమొనీ లేకపోయినా హాయిగా బతుకుతుంది. రెండు చిన్నవి, ఒకటి కొంచెం పెద్దగా ఉండేలా తీసుకోండి. క్లౌన్‌లన్నీ మొదట మగవే, జంటలో పెత్తనం సంపాదించిన పెద్దది ఆడది అవుతుంది. సమాన సైజువి తెస్తే ఆ సంగతి తేలేదాకా కొట్లాటే.

డోరీ, అంటే బ్లూ టాంగ్, అడుగు పొడవు దాకా పెరిగి రోజంతా ఈదే చేప. రెండడుగుల తొట్టి దానికి జైలు. రంగురంగుల మాండరిన్ కంటికి నదురుగా ఉంటుంది కానీ అది తినేది రాళ్ల మీద పాకే సూక్ష్మ జీవుల్ని, కొత్త తొట్టిలో అవి ఉండవు కాబట్టి మెల్లగా ఎండిపోయి చస్తుంది. పిల్లలు ఏడ్చినా ఈ రెండూ వద్దు. ఏడుపు సాయంత్రానికి ఆగుతుంది.

ఇంటికి తెచ్చాక సంచిని పదిహేను నిమిషాలు తొట్టిలో తేల్చి వేడి సమానం చేయండి. కొట్టులో ఉప్పు శాతం మీకన్నా తక్కువ ఉండొచ్చు, అందుకని తొట్టి నీళ్లు కొంచెం కొంచెంగా కలుపుతూ అలవాటు చేయాలి. సంచిలో నీళ్లు తొట్టిలో పోయకండి. ఆ సాయంత్రం వీడియో తీసి స్టేటస్‌లో పెట్టాలని చెయ్యి లాగుతుంది. లైటు ఆపేసి పడుకోండి, చేపకీ కొత్త ఇల్లే.

ఆ తర్వాత కొన్ని వారాల్లో గాజు మీదా రాళ్ల మీదా గోధుమరంగు పూత వస్తుంది. అది డయాటమ్ నాచు, కొత్త తొట్టిలో మామూలే. ఈ దశలో చాలామంది కంగారుపడి సీసాల్లో మందులు పోస్తారు, తొట్టి మొత్తం కడిగేస్తారు. కడిగితే మండలం పాటు పెంచిన బ్యాక్టీరియా కూడా కొట్టుకుపోయి కథ మళ్లీ మొదటికొస్తుంది. మేత తగ్గించి, వారం వారం నీళ్లు మార్చి, గాజు తుడిచి ఊరుకోండి. రెండు నత్తల్ని తెస్తే మిగతా పని అవి చూసుకుంటాయి. ఏదో ఒకటి చేసెయ్యాలన్న దురద ఉద్యోగంలోనూ పిల్లల పెంపకంలోనూ మనల్ని ఇబ్బంది పెట్టేదే. ఆ దురదని గోకకుండా ఉండటం ఎలాగో ఇక్కడ చౌకలో నేర్చుకోవచ్చు.

ఎప్పుడో ఒక రోజు ఒక చేప చనిపోతుంది. ఆ రోజుకి ముందే నియమం పెట్టుకోండి. చనిపోయాక నెల దాకా కొత్త చేప కొనేది లేదు. వెంటనే తీసేసి, నీళ్లు పరీక్షించి, నోటుపుస్తకంలో వెనక్కి పేజీలు తిప్పండి. వేడి పెరిగిందా, ఎవరైనా మేత ఎక్కువ వేశారా, దోమల మందు గదిలో కొట్టారా? బాధలో ఉన్నప్పుడు చేసే కొనుగోలు దుఃఖాన్ని కప్పిపుచ్చడానికే, అదే నీళ్లలోకి ఇంకో ప్రాణిని దింపడం అన్యాయం.

కరెంటు సంగతులు రెండు. ఉప్పునీళ్ల తుంపరలు ఆరి స్విచ్ బోర్డు దాకా పాకుతాయి. ప్రతి వైరూ సాకెట్ కన్నా కిందికి ఒక వంపు తిరిగి పైకి వెళ్లేలా వదలండి, తడి ఆ వంపు దగ్గర కారిపోతుంది. తొట్టిలో చెయ్యి పెట్టేముందు ప్లగ్గులు తీసేయండి. కరెంటు పోతే చేపలకి ముందు తక్కువయ్యేది ఆక్సిజన్, కాబట్టి బ్యాటరీతో నడిచే చిన్న గాలి పంపు ఒకటి సొరుగులో ఉంచుకోండి. ఇన్వర్టర్ ఉన్న ఇల్లయితే వేవ్ మేకర్‌ని దానికి కలపండి.

చివరిగా సంక్రాంతి ప్రయాణం. నాలుగు రోజులు ఊరెళ్తున్నారు, తాళం పక్కింటి పిన్నిగారికి ఇచ్చారు. ఆవిడ దయగల మనిషి. చేపలు ఆకలితో చూస్తున్నాయనిపించి గుప్పెడు మేత వేస్తారు. మిగిలింది కుళ్లి, మీరు వచ్చేసరికి అమ్మోనియా పెరిగి ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్ద క్లౌన్‌కి మూడు నాలుగు రోజులు మేత లేకపోతే ఏమీ కాదు. కాబట్టి ఆవిడకి ఒక్క పని అప్పగించండి, రోజూ టేపు గీత దాకా సీసాలోని మంచినీళ్లు పోయడం. పోయాల్సిన సీసాల మీద తేదీలు రాసి తొట్టి పక్కనే వరసగా పెట్టండి. మేత డబ్బా మాత్రం బీరువాలో పెట్టి, ఆ తాళం చెవి మీతో పాటు ఊరికి తీసుకెళ్లండి.